తొలితరం స్మార్ట్‌ఫోన్ మళ్ళీ వాడాలా? ఒడిశా సరిహద్దులో మనవాళ్ళకి ఏది పనికొస్తుంది

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఈ ప్రశ్నలు తరచుగా వినిపిస్తుంటాయి. "నాన్నగారి నోకియా ఎన్95 బీరువాలో ఉంది, కొత్త బ్యాటరీ వేస్తే నడుస్తుందా?" "రోజంతా ఫోన్ చూడడం ఎక్కువైపోయింది, పాత బ్లాక్‌బెర్రీ ఒకటి కొనుక్కుంటే ఎలా ఉంటుంది?" "ఊళ్ళో అమ్మ మాట్లాడుకోవడానికి నా పాత గెలాక్సీ ఇచ్చెయ్యనా?"

మూడింటికీ ఒకే జవాబు లేదు. కానీ ఒక మాట ముందే చెప్తాను. ఈ ఫోన్లలో మాట్లాడుకోవచ్చు, పాటలు వినొచ్చు, ఫోటోలు దాచుకోవచ్చు. ఇంటర్నెట్ పని మాత్రం దాదాపు అయిపోయింది. అది ఒప్పుకుని తీసుకుంటే చాలా కాలం హాయిగా వాడుకోవచ్చు. వాట్సాప్, ఫోన్‌పే ఎలాగోలా వస్తాయేమోనని ఆశపడితే డబ్బు వృథా.

ప్రపంచంలో మొదటి స్మార్ట్‌ఫోన్‌గా చెప్పే ఐబీఎం సైమన్ 1994లోనే అమ్మకానికి వచ్చింది. మన చేతికి ఎక్కువగా వచ్చినవి మాత్రం 2007 నుంచి 2013 దాకా వచ్చినవే, అందుకే ఇక్కడ వాటి గురించే రాస్తున్నాను: నోకియా సింబియన్ ఫోన్లు (సింబియన్ అంటే వాటిని నడిపించిన సాఫ్ట్‌వేర్), మొదటి ఆండ్రాయిడ్‌లు, మొదటి ఐఫోన్లు, బ్లాక్‌బెర్రీ, లూమియా (ఇవీ నోకియావే, కానీ విండోస్‌తో నడిచేవి).

మొదట టవరు సంగతి

ఏ మోడల్ అని ఆలోచించే ముందు మీ ఇంటి దగ్గర ఏ టవరు ఉందో తెలుసుకోండి. ఎంపికలో సగం అక్కడే తేలిపోతుంది.

ఈ ఫోన్లన్నీ 2జీ, 3జీ కాలం నాటివి. జియోకి 2జీ గానీ 3జీ గానీ లేవు, కాబట్టి జియో సిమ్ వీటిలో పనిచేయదు. ఎయిర్‌టెల్ 2020లో దేశమంతటా 3జీ తీసేసింది. ఎయిర్‌టెల్ సిమ్ వేస్తే ఎంత ఖరీదైన పాత ఫోన్ అయినా 2జీ మీదే నడుస్తుంది. 2జీలో కాల్ బాగానే వస్తుంది, మెసేజ్ వస్తుంది, ఓటీపీ వస్తుంది. పేజీ తెరుచుకోవాలంటే మాత్రం చాలాసేపు కూర్చోవాలి.

మన వైపు దీనికి ఇంకో మెలిక ఉంది. 2025 సెప్టెంబరు 27న ఝార్సుగూడలో ప్రధాని బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీ ప్రారంభించారు. ఫోన్ మోగని కొండ ఊళ్ళకి కూడా సిగ్నల్ రావాలన్నది ఆ పనిలో ఒక లక్ష్యం. కాశీపూర్, మోహన, నారాయణపట్నం వైపు ఉండేవాళ్ళకి అదెంత పెద్ద విషయమో చెప్పక్కర్లేదు. కానీ టవరు 4జీ మాత్రమే ఇస్తుంటే, దాని కిందే నిలబడినా ఎన్95లో గీత ఒక్కటీ రాదు. పక్కవాళ్ళ కొత్త ఫోన్‌లో నిండా సిగ్నల్ కనిపించినంత మాత్రాన మీ పాత ఫోన్‌కీ వస్తుందని అనుకోకండి.

పరీక్షించడం సులువే. మీ సిమ్‌ని ఎవరిదైనా పాత 2జీ కీప్యాడ్ ఫోన్‌లో వేసి ఇంట్లో, పొలంలో, రోజూ వెళ్ళే దారిలో చూడండి. గీతలు నిలకడగా ఉంటేనే ముందుకెళ్ళండి.

రెండు సిమ్‌ల సంగతి కూడా ఉంది. ఒకప్పుడు పర్లాకిమిడి నుంచి పాతపట్నం దాటితే రోమింగ్ పడేది, అందుకే చాలామంది ఒడిశా సిమ్ ఒకటి, ఆంధ్రా సిమ్ ఒకటి పెట్టుకునేవారు. ఇప్పుడు రోమింగ్ బాధ లేదు. కానీ బజారులో ఒక కంపెనీ, కొండ మీద ఇంకో కంపెనీ బాగా అందడం అలాగే ఉంది. ఇక్కడ చెప్పే మోడళ్ళన్నీ ఒకే సిమ్ వేసుకునేవి. సరిహద్దులో అటూ ఇటూ తిరిగేవాళ్ళకి ఇది నిజమైన లోటు.

తర్వాత చూడాల్సినవి

కరెంటు, బ్యాటరీ. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట 2జీ ఫోన్ టవరుని అందుకోవడానికి గట్టిగా పనిచేస్తుంది, రెండు వాట్ల దాకా శక్తి వాడుతుంది. అందుకే పట్నంలో రెండు రోజులు వచ్చే బ్యాటరీ కొండ ఊళ్ళో ఒక్క రోజుకే దిగిపోతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లా ఎంత దెబ్బతిందో, కరెంటు లేక ఎలా ఉన్నామో మనకి తెలుసు. అలాంటి రోజుల్లో బ్యాటరీ ఊడదీసి ఇంకోటి వేసుకోగలగడం, ఇంటర్నెట్ లేకుండా ఎఫ్ఎం రేడియో వినగలగడం పెద్ద ఆసరా. ఈ రెండూ నేను అన్నిటికన్నా ఎక్కువ చూస్తాను.

అక్షరాలు. ఆ రోజుల్లో చాలా ఫోన్లలో తెలుగు తెరిస్తే ఖాళీ గడులే కనిపించేవి. ఒపేరా మినీలో ఒక సెట్టింగు మార్చి తెలుగు పేజీలు బొమ్మల్లా తెచ్చుకుని చదివినవాళ్ళకి ఆ కష్టం గుర్తుండే ఉంటుంది. ఒడియా అక్షరాలకీ అదే ఇబ్బంది. బ్యాంకు నుంచో, కరెంటు ఆఫీసు నుంచో తెలుగులో, ఒడియాలో మెసేజ్ వస్తే అందులో ఏముందో తెలియకపోవచ్చు. ఫోన్ కొనేముందు ఒక తెలుగు మెసేజ్ పంపించుకుని చూడండి.

భద్రత. ఈ ఫోన్లకి కొత్త రక్షణ అప్‌డేట్లు ఆగిపోయి ఏళ్ళయింది. వీటిలో బ్యాంకు పాస్‌వర్డ్ టైపు చేయకండి. ఓటీపీ మెసేజ్ చదువుకోవడం వరకు ఫర్వాలేదు.

ఒక్క చూపులో

| రకం | కాల్, మెసేజ్ | ఇంటర్నెట్ | బ్యాటరీ | ఛార్జర్ | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|---|
| నోకియా సింబియన్ (ఎన్95, ఈ63, 5800, 5233) | బాగుంటుంది | దాదాపు లేనట్టే | ఊడుతుంది | సన్న పిన్ను | రోజూ మాట్లాడేవాళ్ళకి, పాటలకి |
| తొలి ఆండ్రాయిడ్ (గెలాక్సీ ఎస్, గెలాక్సీ వై) | ఫర్వాలేదు | ఇంటి వైఫైలో కొద్దిగా | ఊడుతుంది | మైక్రో యూఎస్‌బీ | ఇంట్లో చిన్న పనులకి |
| తొలి ఐఫోన్ (3జీ, 3జీఎస్, 4) | ఫర్వాలేదు | చాలా తక్కువ | లోపలే ఉంటుంది | 30 పిన్నుల వెడల్పు కేబుల్ | దాచుకునేవాళ్ళకి |
| బ్లాక్‌బెర్రీ కర్వ్ 8520 | నమ్మకం తక్కువ | లేదు | ఊడుతుంది | మైక్రో యూఎస్‌బీ | ఎవరికీ చెప్పను |
| లూమియా 520 | బాగుంటుంది | చాలా తక్కువ | ఊడుతుంది | మైక్రో యూఎస్‌బీ | సింబియన్ నోకియా దొరకనివాళ్ళకి |

నోకియా సింబియన్: వాడాలనుకుంటే ఇదే

సరిహద్దు జిల్లాల్లో నిజంగా రోజూ జేబులో పెట్టుకుని వాడేందుకు నా మొదటి ఓటు వీటికే. మాట స్పష్టంగా వినిపిస్తుంది, సిగ్నల్ పట్టుకోవడంలో మంచి పేరుంది, ఎఫ్ఎం ఉంది, బ్యాటరీ మార్చుకోవచ్చు.

వీటిలోనూ తేడాలున్నాయి. 2007లో వచ్చిన ఎన్95లో 5 మెగాపిక్సెల్ కెమెరా, వైఫై, జీపీఎస్ ఉన్నాయి. ఆ కాలానికి అదే గొప్ప. పగటి వెలుతురులో తీసిన ఫోటోలు ఇప్పటికీ చూడముచ్చటగా ఉంటాయి. కానీ దాని బ్యాటరీ 950 ఎంఏహెచ్ మాత్రమే, త్వరగా అయిపోతుంది. పైకీ కిందికీ జరిగే మూత కూడా వాడగా వాడగా వదులవుతుంది.

ఈ63 అందం తక్కువ, ఉపయోగం ఎక్కువ. ఇంగ్లీషు అక్షరాలన్నీ విడివిడి బొత్తాలుగా ఉంటాయి, బ్యాటరీ 1500 ఎంఏహెచ్. కెమెరా 2 మెగాపిక్సెలే. మెసేజ్‌లు ఎక్కువ పంపేవాళ్ళకి, రెండో ఫోన్‌గా పెట్టుకునేవాళ్ళకి ఎన్95 కన్నా ఇదే మంచిదంటాను.

2010లో వచ్చిన 5233 మన వైపు కుర్రాళ్ళ చేతుల్లో చాలా కనిపించేది. తెర 3.2 అంగుళాలు. వైఫై లేదు, 3జీ లేదు. ఒకప్పుడు అది లోటే. 3జీయే పోతున్న ఈ రోజుల్లో ఆ తేడా పెద్దగా లెక్కలోకి రాదు. దాని తెర గట్టిగా నొక్కితేనే పలికే రకం. వేలితో మృదువుగా తాకే అలవాటు ఉన్నవాళ్ళకి మొదట్లో విసుగు పుడుతుంది. చేతికి పొలం మట్టి ఉన్నా, గోరుతో నొక్కినా పనిచేస్తుంది, అది దాని మేలు.

జీపీఎస్ గురించి ఒక మాట. 2010 జనవరిలో నోకియా తన దారి చూపే మ్యాపులని ఉచితం చేసింది. ఫోన్‌లో జీపీఎస్, ముందే ఎక్కించుకున్న మ్యాపు రెండూ ఉంటే సిగ్నల్ లేని ఘాట్‌లో కూడా మీరెక్కడున్నారో చూపిస్తుంది. కానీ ఆ మ్యాపు ఆనాటిది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లా అందులో ఉండదు, తర్వాత వేసిన రోడ్లు ఉండవు. దాన్నే నమ్ముకుని రాత్రిపూట బయలుదేరకండి.

లోట్లు కూడా చెప్పాలి. నోకియా 2014 మొదట్లోనే సింబియన్ యాప్‌లకి కొత్త అప్‌డేట్లు ఆపేసింది. వాట్సాప్ 2017 జూన్‌తో ఆగిపోయింది. ఇప్పటి వెబ్‌సైట్ల తాళాలు, అంటే రక్షణ పద్ధతులు, దాని బ్రౌజర్‌కి అర్థం కావు, చాలావరకు తెరుచుకోవు. ఛార్జర్ సన్న పిన్ను. ఎన్95లోనూ, 5800లోనూ కంప్యూటరుకి కలిపే వేరే గుంట ఉంటుంది. అది డేటాకే, ఛార్జింగ్‌కి పనికిరాదు. సన్న పిన్ను ఛార్జర్లు ఒకటికి రెండు కొని ఉంచుకోండి. పెద్ద మెమరీ కార్డులు కూడా చదవదు, 8 జీబీ లోపు కార్డే వేయండి.

బ్యాటరీ కొనేటప్పుడు జాగ్రత్త. 5800, 5233 రెండిటికీ బీఎల్-5జే అనే బ్యాటరీయే సరిపోతుంది. లూమియా 520కి కూడా అదే. కాబట్టి దొరకడం తేలిక. ఈ63కి బీపీ-4ఎల్ కావాలి, ఎన్95కి బీఎల్-5ఎఫ్. రాయగడలో దొరక్కపోతే పార్వతీపురం, విజయనగరం దుకాణాల్లో అడగండి, హైదరాబాదు వెళ్ళేవాళ్ళుంటే అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో చూడమనండి. కవరు మీద కంపెనీ పేరు ఉన్నంత మాత్రాన అసలుది కాదు. వేసిన మొదటి రోజు కళ్ళ ముందే ఛార్జింగ్ పెట్టండి, వేడెక్కినా ఉబ్బినా తీసేయండి.

తొలి ఆండ్రాయిడ్: ఇంట్లో ఉంచుకోవడానికి

2010లో వచ్చిన గెలాక్సీ ఎస్ తెర ఇప్పటికీ కళ్ళకి ఇంపుగా ఉంటుంది. 4 అంగుళాల అమోలెడ్ (రంగులు మెరిసే రకం) తెర, 5 మెగాపిక్సెల్ కెమెరా, 1500 ఎంఏహెచ్ బ్యాటరీ. 2011 గెలాక్సీ వై చిన్నది, 3 అంగుళాల తెర, మెమరీ బాగా తక్కువ. చూస్తే రెండూ ఇప్పటి ఫోన్ల తమ్ముళ్ళలా ఉంటాయి. మోసపోయేది అక్కడే. ఆండ్రాయిడ్ కదా, అన్నీ వస్తాయనుకుంటాం.

రావు. ఆండ్రాయిడ్ 2.3.7, అంతకన్నా పాత ఫోన్లలో వాట్సాప్ 2020 ఫిబ్రవరి 1 నుంచి ఆగిపోయింది. 2021 సెప్టెంబరు 27 నుంచి గూగుల్ ఖాతాతో లోపలికి వెళ్ళడం కూడా ఆపేశారు. అంటే ప్లే స్టోర్ లేదు, యూట్యూబ్ లేదు, జీమెయిల్ లేదు. ఫోన్ చెడిపోలేదు, అవతలి తలుపు మూసేశారు.

మిగిలేవి అలారం, పాటలు, రేడియో, కెమెరా, క్యాలిక్యులేటర్. కిరాణా కొట్టులో లెక్కలకో, పూజగదిలో సుప్రభాతం పెట్టడానికో చక్కగా సరిపోతుంది. ఛార్జర్ మైక్రో యూఎస్‌బీ కాబట్టి ఎక్కడైనా దొరుకుతుంది. వైఫై కలపాలంటే ఇంటి రౌటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ ఉండాలి, కొత్త రక్షణ పద్ధతి డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే కలవదు. జేబు ఫోన్‌గా అయితే నోకియాయే మేలు. తెర పెద్దది, బ్యాటరీ రోజు దాటదు.

తొలి ఐఫోన్: దాచుకోవడానికి

ఐఫోన్ 3జీ మన దేశంలోకి 2008 ఆగస్టు 22న ఎయిర్‌టెల్, వొడాఫోన్ ద్వారా వచ్చింది. 8 జీబీ ఫోన్ ధర 31,000 రూపాయలు. వేలితో తాకితే కదిలే ఆ తెర చూసి ఆశ్చర్యపోయిన తరం మనది. చరిత్రలో దానికున్న చోటు మిగతావాటికి లేదు, ఒకటి చేతికొస్తే తప్పకుండా దాచుకోండి.

వాడకానికి మాత్రం నేను సిఫారసు చేయను. బ్యాటరీ లోపల బిగించి ఉంటుంది. ఎఫ్ఎం లేదు. బ్లూటూత్‌లో ఫోటో పంపలేం. ఐఫోన్ 3జీలో వీడియో తీసే వీలు లేదు, అది 2009లో వచ్చిన 3జీఎస్‌తో మొదలైంది. ఛార్జింగ్ కేబుల్ 30 పిన్నుల వెడల్పుది, మన బజార్లలో అడిగితే తలకాయ అడ్డంగా ఊపుతారు. ఐఫోన్ 4 కొంటుంటే పాత యజమాని తన ఆపిల్ ఖాతా తీసేశారో లేదో ముందు చూసుకోండి. తీయకపోతే అది మీ చేతిలో తెరుచుకోదు.

బ్లాక్‌బెర్రీ, లూమియా

బ్లాక్‌బెర్రీ బొత్తాల మీద టైపు చేయడం ఒక సుఖం, ఒప్పుకుంటాను. కానీ 2022 జనవరి 4న ఆ కంపెనీ పాత ఫోన్ల వెనకున్న సర్వర్లు మూసేస్తూ, కాల్స్, మెసేజ్‌లు కూడా నమ్మకంగా పనిచేస్తాయని చెప్పలేమని ప్రకటించింది. అర్ధరాత్రి ఊరి నుంచి రావలసిన కాల్ రాకపోతే ఆ సుఖం ఎందుకు? బొత్తాలే కావాలంటే ఈ63 తీసుకోండి.

2013 నాటి లూమియా 520 గట్టి ఫోన్, ధర తక్కువ, బ్యాటరీ దొరుకుతుంది. వాట్సాప్ 2019 డిసెంబరు 31తో పోయింది, యాప్ దుకాణం దానికి రెండు వారాల ముందే మూతపడింది. కాల్స్‌కి బాగుంటుంది.

ఎవరు ఏది తీసుకోవాలి

ఊళ్ళో అమ్మకో, అత్తయ్యకో అయితే వీటిలో ఏదీ వద్దు. ఇది గట్టిగా చెప్తున్నాను. పెద్దవాళ్ళకి కావలసింది పెద్ద అక్షరాలు, పెద్ద మోత, 4జీ టవరు కింద కూడా మోగే ఫోన్. కొత్త 4జీ కీప్యాడ్ ఫోన్ ఇవ్వండి. అందులో తెలుగు కనిపిస్తుందో లేదో మాత్రం కొట్లోనే చూసుకోండి. మన పాత ఫోన్ మీద మనకున్న ప్రేమని వాళ్ళ మీద రుద్దకూడదు.

ఫోన్ చూడడం తగ్గించుకోవాలనుకునే ఉద్యోగికి ఈ63 గానీ 5233 గానీ సరిపోతుంది. అసలు ఫోన్ ఇంట్లో పెట్టి, సాయంత్రం నడకకి, పొలానికి ఇది పట్టుకెళ్ళొచ్చు. కాకపోతే దారిలో టీ కొట్టు దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేయలేరు, జేబులో చిల్లర ఉండాలి. స్టార్ 99 హ్యాష్ డయల్ చేసి బ్యాంకు పని చేసుకునే వీలుంది గానీ, కౌంటరు దగ్గర నలుగురు నిలబడి ఉన్నప్పుడు అది అయ్యే పని కాదు.

చదువుకునే పిల్లలకి "ఇంటర్నెట్ లేని ఫోన్" అని ఇవ్వాలనుకునే తల్లిదండ్రులు కూడా ఉన్నారు. బరంపురంలోనో, విశాఖలోనో హాస్టల్లో ఉండే పిల్లలకి కాలేజీ కబుర్లన్నీ వాట్సాప్ గ్రూపుల్లోనే వస్తాయి. అక్కడ ఇది వాళ్ళని ఒంటరివాళ్ళని చేస్తుంది. ఇంటి దగ్గర ఉండి బడికి వెళ్ళే పిల్లలకైతే సైకిలు మీద వెళ్ళి చేరినట్టు చెప్పడానికి చక్కగా పనికొస్తుంది.

చనిపోయినవాళ్ళ ఫోన్, పెళ్ళినాటి ఫోటోలున్న ఫోన్ అయితే ఎంపిక ప్రశ్నే లేదు, ముందు అందులోవి బయటికి తీయండి. నోకియాలో మెమరీ కార్డు ఉంటే కార్డ్ రీడర్‌తో, లేకపోతే బ్లూటూత్‌తో ఫోటోలు ఇప్పటి ఫోన్‌కి పంపొచ్చు. లాక్ కోడ్ అడిగితే, ఎవరూ మార్చకపోయి ఉంటే 12345. పాత ఐఫోన్‌ని కేబుల్‌తో కంప్యూటరుకి కలిపితే ఫోటోలు కెమెరాలోంచి వచ్చినట్టే వస్తాయి. మెసేజ్‌లు తీయడం కష్టం. ముఖ్యమైనవాటిని తెర మీద తెరిచి, కొత్త ఫోన్‌తో ఫోటో తీసి దాచుకోండి. అంతా అయ్యాక బ్యాటరీని సగం ఛార్జితో ఊడదీసి, తడి తగలని చోట విడిగా పెట్టండి.

కొనేముందు, కొన్నాక

సిమ్ సైజు చూసుకోండి. ఇప్పటి నానో సిమ్ వీటిలో సరిగా కూర్చోదు. అడాప్టర్‌లో పెట్టి వేస్తే తీసేటప్పుడు లోపలి పిన్నులకి తగులుకుని అవి వంగిపోతాయి. మూడు సైజుల్లో విరిచే కొత్త సిమ్ అడిగి తీసుకుని, పెద్ద సైజులోనే వాడండి. ఐఫోన్ 4కి, లూమియా 520కి మాత్రం మైక్రో సైజు కావాలి.

రీఛార్జి విషయంలో డేటా ఉన్న ప్యాకు దండగ. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశంతో 2025 జనవరి నుంచి కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్యాకులు కంపెనీలు ఇస్తున్నాయి, వాటి గురించి అడగండి. వాడకుండా మూడు నెలలు వదిలేస్తే నంబరు పోయే ప్రమాదం ఉంది, అప్పుడప్పుడు ఒక కాల్ చేస్తూ ఉండండి.

సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే డబ్బు ఇవ్వకముందే *#06# నొక్కి ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) చూడండి. ఇంగ్లీషు అక్షరాల్లో కేవైఎం అని టైపు చేసి, ఖాళీ వదిలి ఆ నంబరు రాసి 14422కి మెసేజ్ పంపితే ఫోన్ వివరాలు వస్తాయి. అది బ్లాక్ లిస్ట్‌లో ఉందనో, డూప్లికేట్ అనో, ఇప్పటికే వేరేవాళ్ళు వాడుతున్నదనో వస్తే ఎంత చవగ్గా ఇస్తామన్నా కొనకండి.